కుమ్ములో కాల్చిన గడ్డ – దాని వెనుక చరిత్ర

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయవలసిందిగా సంఘ కార్యవర్గం వారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకు రావడం సహజం. వాటిని గురించి వ్రాయడానికి పండితులు ఉన్నారు. ముప్పై ఏండ్లకు పైగా ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాకు చేతనైన పద్ధతి ఒక్కటే. చేతికి వచ్చిన కాగితానికి వెనుక కాగితం ఏమిటి, దానికి వెనుకది ఏమిటి అని మొదటి పేజీ దాకా తిరగవేయడం. ఆ పద్ధతిలోనే ఒక చిన్న విషయం తీసుకున్నాను. అది నిప్పులలో కాల్చిన గడ్డ.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, నాదర్‌గుల్ వైపు ఇండ్లలో ఈ మధ్య ఒక వేడుక కనిపిస్తున్నది. సెలవు రోజు సాయంత్రం మేడ మీద ఇనుప జాలీ పొయ్యి పెట్టి, బొగ్గులు రాజేసి, ఆలుగడ్డలను అల్యూమినియం కాగితంలో చుట్టి నిప్పుల మీద కాలుస్తున్నారు. దీనికి పిల్లలు పెట్టుకున్న పేరు బార్బెక్యూ. వారు దీనిని అమెరికా నుండి వచ్చిన పద్ధతి అనుకుంటున్నారు. మన వయసు వారిలో కూడా చాలామంది అలాగే అనుకుని, కుర్చీలు దూరంగా వేసుకుని కూర్చుంటున్నారు. ఈ వంటలో ఏది మనది, ఏది బయటిది అన్న లెక్క తేల్చడమే ఈ వ్యాసం ఉద్దేశం. లెక్క తేలితే ఆ కుర్చీ పొయ్యి దగ్గరికి జరపవలసి వస్తుందని నా నమ్మకం.

గడ్డ కంటె ముందు నిప్పు

మన భాషలో నిప్పుకు ఎన్ని మాటలు ఉన్నాయో గమనించండి. మండుతున్నది మంట. మంట చల్లారిన తరువాత ఎర్రగా మిగిలేవి నిప్పులు. వాటి మీద తెల్లగా పరచుకునే పలుచని బూడిద నివురు. వేడి బూడిద, చిన్న నిప్పుకణికలు కలిసి ఉన్నది కుమ్ము. నివురుగప్పిన నిప్పు అనే మాటను ఇవాళ పత్రికలలో రాజకీయాల గురించే వాడుతున్నారు గాని, అది అసలు వంటింటి మాట. రాత్రి వంట ముగిశాక నిప్పుల మీద బూడిద కప్పి ఉంచితే తెల్లవారి అగ్గిపెట్టె అవసరం లేకుండానే పొయ్యి రాజుకునేది. ఆ కుమ్ములో ఏదైనా గడ్డను పూడ్చిపెడితే తనంతట తాను ఉడికేది. అందుకోసం వేరే కట్టె ఖర్చు లేదు, గిన్నె అక్కర లేదు, నూనె అక్కర లేదు.

ఈ వంట ఎంత పాతదో తెలుసుకోవాలంటే శ్రీశైలం రోడ్డు పట్టుకుని అమ్రాబాద్ గుట్టల దాకా వెళ్ళాలి. నల్లమలలోని చెంచుల జీవనాన్ని ఆస్ట్రియా దేశీయుడైన హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940లో దగ్గర ఉండి పరిశీలించాడు. ఆనాడు ఆ ప్రాంతం నిజాం రాజ్యంలోనిది. ఆయన వ్రాసిన ‘ది చెంచూస్’ గ్రంథం 1943లో వెలువడింది. కర్రతో నేలను త్రవ్వి అడవి గడ్డలను తీయడం, వాటిని ఉడికించుకుని గాని నిప్పులలో కాల్చుకుని గాని తినడం చెంచుల నిత్యజీవితం. పొలం దున్నకముందు, కుండ చేయకముందు మనిషి తిన్న తిండి ఇటువంటిదే. మన పురాణాలలో మునులు కందమూలాలు తిన్నారని చదువుతాము. కందమంటే గడ్డ, మూలమంటే వేరు. అవి మన నేలలోనే పుట్టిన గడ్డలు.

పల్లెలలో కూడా ఈ అలవాటు తరతరాలుగా ఉన్నది. మా చిన్నతనంలో జొన్నచేల కావలికి పోయినవారు మంచె దగ్గర చిన్న మంట వేసుకునేవారు. పాలు పట్టిన జొన్న కంకులను నిప్పులలో కాల్చి, అరచేతులతో నలిపి, ఊచబియ్యం చేసుకునేవారు. మక్క కంకులు, వేరుశనగ కాయలు, వంకాయలు, ఏది చేతికందితే అది నిప్పులలోకి పోయేది. పిడకల కుమ్ములో కందగడ్డ పూడ్చి, మాటల్లో పడి మరిచిపోతే అదే మంచి పాకానికి వచ్చేది.

హైదరాబాదు వంటకు పేరు తెచ్చిన దమ్ పద్ధతి కూడా నిప్పుల విద్యే. దేగిశా కింద కొన్ని నిప్పులు, మూత మీద కొన్ని నిప్పులు వేసి, అంచుకు పిండి పట్టించి, లోపలి ఆవిరి బయటికి పోకుండా ఉడికిస్తారు. కుమ్ములో గడ్డకు జరిగేదీ అదే. గడ్డకు దాని తోలే దేగిశా, దాని తోలే మూత.

కందగడ్డ తెచ్చిన పేరు

ఇక గడ్డ సంగతికి వద్దాము. శివరాత్రి వచ్చిందంటే మన మార్కెట్లలో కందగడ్డలు కుప్పలుగా పోస్తారు. ఉపవాసం ఉన్నవారు వాటిని ఉడికించుకునో కాల్చుకునో తింటారు. కోస్తా వారు చిలగడదుంప అంటారు, రాయలసీమ వారు గెణుసుగడ్డ అంటారు, తెలంగాణలోనే కొన్నిచోట్ల రత్నపురిగడ్డ అంటారు. ఇంత పవిత్రమైన రోజున తింటున్నాము గనుక ఇది అనాదిగా మన గడ్డ అనుకుంటాము. కాని కందగడ్డ మన దేశానికి చెందినది కాదు. అది మధ్య, దక్షిణ అమెరికా ఖండాలలో పుట్టినది. 1492లో కొలంబస్ కరేబియన్ దీవులకు చేరిన తరువాతనే అది యూరప్ వారి కంటపడింది. పోర్చుగీసు వారి ఓడల కాలంలో మన తీరాలకు వచ్చింది.

ఇక్కడే ఒక విచిత్రం ఉన్నది. ఆ దీవులలోని తైనో జాతివారు కందగడ్డను ‘బటాటా’ అనేవారు. వారే నిప్పుల మీద కర్రల చట్రం కట్టి మాంసం, చేపలు కాల్చుకునేవారు. ఆ చట్రాన్ని స్పెయిన్ వారు ‘బార్బకోవా’ అని వ్రాసుకున్నారు. బటాటా నుండి ఇంగ్లీషులో పొటాటో వచ్చింది. బార్బకోవా నుండి బార్బెక్యూ వచ్చింది. అంటే మేడ మీద పిల్లలు పలికే రెండు మాటలూ ఒకే చిన్న దీవుల భాషకు చెందినవి. పైగా పొటాటో అన్న పేరు మొదట కందగడ్డదే. తరువాత వచ్చిన ఆలుగడ్డ ఆ పేరును తీసేసుకున్నది. పాత ఇంగ్లీషు వ్రాతలలో పొటాటో అని కనిపిస్తే అది ఏ గడ్డో తేల్చుకోవడం చరిత్రకారులకు కష్టమవుతున్నదంటే కారణం ఇదే. ఒకే పేరుతో ఇద్దరు ఉద్యోగులు ఉన్న ఆఫీసులో సర్వీసు రిజిస్టర్లు కలిసిపోయినట్లు, ఈ రెండు గడ్డల చరిత్రలూ కొంతకాలం కలిసిపోయాయి.

కొండల నుండి వచ్చిన గడ్డ

ఆలుగడ్డ దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో పుట్టింది. పెరూ, బొలీవియా దేశాల మధ్య టిటికాకా అనే పెద్ద సరస్సు ఉన్నది. ఆ ప్రాంతపు ప్రజలు సుమారు 7,000 నుండి 8,000 సంవత్సరాల క్రితమే దీనిని సాగులోకి తెచ్చారు. అక్కడ ఈనాటికీ 4,000కు పైగా రకాలు ఉన్నాయి. నల్లనివి, ఊదారంగువి, వ్రేలంత పొడవువి కూడా వాటిలో ఉంటాయి. ఈ గడ్డ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ కేంద్రం 1971లో పెరూ రాజధాని లిమాలోనే ఏర్పడింది.

ఆ కొండ రైతులు గడ్డను ఎలా కాలుస్తారో వింటే మన పల్లెలు గుర్తుకు వస్తాయి. పంట తీసే రోజున చేనులోనే మట్టిపెళ్ళలను గుమ్మటం లాగ పేరుస్తారు. లోపల పుల్లలతో మంట పెట్టి, పెళ్ళలు బాగా కాగే దాకా ఉంచుతారు. తరువాత గడ్డలను లోపల వేసి, గుమ్మటాన్ని వాటి మీదికే కూలగొట్టి మట్టితో మూసేస్తారు. కొంతసేపటికి మట్టి తీసి, గడ్డలను దులుపుకుని అందరూ కూర్చుని తింటారు. దీనిని వారు ‘హువాతియా’ అంటారు. మన చెంచులకు, ఆ కొండ రైతులకు ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మధ్యలో మహాసముద్రాలు ఉన్నాయి. అయినా ఇద్దరూ నేలనూ నిప్పునూ నమ్ముకుని ఒకే వంట కనిపెట్టారు.

స్పెయిన్ సైన్యం 1532లో ఇంకా రాజ్యం మీద పడింది. 1570 ప్రాంతానికి ఆలుగడ్డ స్పెయిన్ చేరింది. అక్కడ నుండి యూరప్ అంతా వ్యాపించడానికి రెండు వందల ఏండ్లు పట్టింది. మన దేశపు పడమటి తీరంలో మరాఠీ, గుజరాతీ, కొంకణి వారు ఈనాటికీ దీనిని బటాటా అనే అంటారు. అది పోర్చుగీసు వారి నోట వచ్చిన పేరు.

తూర్పు వైపు కథ వేరు. బెంగాలులో పద్ధెనిమిదో శతాబ్దం చివరికి కూడా ఇది తెల్లదొరల విందులలో అరుదుగా దొరికే పదార్థమే. 1780 ప్రాంతంలో హుగ్లీ ఒడ్డున చిన్సురాలో ఉండిన డచ్చి వారు గవర్నరు జనరల్ వారన్ హేస్టింగ్స్‌కు అప్పుడప్పుడు ఒక చిన్న బుట్టెడు ఆలుగడ్డలు కానుకగా పంపేవారనీ, ఆయన తన కౌన్సిలు సభ్యులను పిలిచి విందు చేసేవాడనీ పాత వ్రాతలలో ఉన్నది. ఇవాళ కిలోల లెక్కన సంచీలో వేసుకుని వచ్చే గడ్డకు ఒకప్పుడు అంత మర్యాద జరిగింది. 1820లో విలియం కేరీ కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించాడు. కంపెనీ వారి కాలంలో విత్తనాలు పంచి, సాగును ప్రోత్సహించి, ఆ శతాబ్దంలోనే ఈ గడ్డను బెంగాలు, బీహారు పల్లెల దాకా తీసుకుపోయారు.

ఒక ఆఫీసు, మూడు పేర్లు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కర్నూలు నుండి ఆఫీసులు హైదరాబాదుకు వచ్చాయి. నేను నౌకరీలో చేరిన 1970ల నాటికి మా సెక్షనులో మూడు ప్రాంతాల వారూ ఉన్నారు. మధ్యాహ్నం టిఫిను డబ్బాలు తెరిస్తే ఒకే కూరకు మూడు పేర్లు వినిపించేవి. మేము ఆలుగడ్డ అనేవాళ్ళము. గుంటూరు, కృష్ణా వారు బంగాళాదుంప అనేవారు. చిత్తూరు ఆయన ఉర్లగడ్డ అనేవాడు. ఎవరి పేరు సరైనదో తేలక చాలాసార్లు లంచి సమయం దాటిపోయేది. కంద విషయంలో ఇంకా గందరగోళం. కోస్తా వారికి కంద అంటే నోరు దురదపెట్టే పెద్ద గడ్డ. మాకు కందగడ్డ అంటే తియ్యనిది. కంద తెచ్చిపెట్టమని ఒకరు చెప్పడం, ఇంకొకరు కందగడ్డలు తేవడం మా సెక్షనులో ఒక వేడుక.

ఆ మూడు పేర్లలో మూడూ సరైనవే. ఒక్కొక్కటి ఆ గడ్డ మన దగ్గరికి వచ్చిన దారిని చెబుతున్నది. ఆలు అనేది సంస్కృతంలో నేలలో ఊరే గడ్డలకు పాత పేరు. ఉత్తరాది వారు దానిని కొత్త గడ్డకు పెట్టుకున్నారు. ఉర్దూ, హిందీల నుండి మనకు వచ్చి, మన గడ్డ చేరి, ఆలుగడ్డ అయింది. బంగాళా దేశం వైపు నుండి వచ్చింది గనుక కోస్తాలో బంగాళాదుంప అయింది. అరవ వారు గుండ్రంగా దొర్లే గడ్డ అనే అర్థంలో ఉరుళైక్కిళంగు అంటారు. దానికి దగ్గరి చుట్టం ఉర్లగడ్డ. ఉత్తరం, తూర్పు, దక్షిణం మూడు దిక్కుల దారులు మా టిఫిను డబ్బాల దగ్గర కలుసుకున్నాయన్న మాట.

ఆలుగడ్డ చలిని కోరే పంట. రాత్రి వేళ సుమారు 20 డిగ్రీలకు తగ్గకపోతే గడ్డ సరిగా ఊరదు. అందుకే తెలుగునాట అన్నిచోట్లా పండదు. జహీరాబాదు, కోహీరు ప్రాంతపు ఎర్ర నేలలలో చలికాలపు పంటగా వేస్తారు. చిత్తూరు జిల్లా పడమటి భాగంలో, కుప్పం, పలమనేరు వైపు, ఎత్తైన చల్లని నేలలలో పండుతుంది. మిగిలినదంతా ఉత్తరాది నుండి లారీలలో రావలసినదే. స్వాతంత్య్రం వచ్చాక 1949లో కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థను పాట్నాలో నెలకొల్పి, 1956లో సిమ్లాకు తరలించారు. సిమ్లా దగ్గరి కుఫ్రీ అనే కొండ ఊరి పేరు మీద కుఫ్రీ సిందూరి, కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి వంటి రకాలు 1967, 1968లలో విడుదలయ్యాయి. ఈ పంటలో ఇవాళ మన దేశం చైనా తరువాత ప్రపంచంలో రెండవది. హేస్టింగ్స్ దొర బుట్ట ఎంత పెద్దదయిందో చూడండి.

వీధిలో కాలిన గడ్డ

కాల్చిన ఆలుగడ్డ యూరప్‌లో పెద్దింటి వంట కాదు, వీధి తిండి. లండను నగరపు బీదసాదల జీవితాన్ని హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత 1851లో గ్రంథంగా ప్రకటించాడు. అందులో కాల్చిన ఆలుగడ్డలు అమ్మేవారి గురించి వివరంగా ఉన్నది. రొట్టెల భట్టీలో గడ్డలను కాల్పించుకుని, కింద నిప్పుల గిన్నె అమర్చిన రేకు డబ్బాలో వేడిగా పెట్టుకుని, చలికాలం వీధి మూలల్లో నిలబడి అమ్మేవారు. ఒక్కొక్కటి అరపెన్నీ. కొందరు కొనుక్కుని ముందు చేతులు కాచుకునేవారు, తరువాత తినేవారు.

మన దేశంలోనూ ఈ దృశ్యం ఉన్నది. ఢిల్లీ వైపు చలికాలంలో కందగడ్డలను నిప్పులలో కాల్చి, ఉప్పు కారం చల్లి, నిమ్మకాయ పిండి బండ్ల మీద అమ్ముతారు. బీహారులో కాల్చిన ఆలుగడ్డను, వంకాయను చిదిపి, ఆవనూనె కలిపి చోఖా చేసి, లిట్టీతో తింటారు. మన హైదరాబాదులో వాన పడితే మక్క కంకుల బండి ప్రత్యక్షమవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన విసనకర్రతో బొగ్గులు విసురుతూ, కంకిని తిప్పుతూ, ఉప్పు కారం అద్దిన నిమ్మ చెక్క రుద్ది ఇచ్చే అమ్మను చూడనివారు ఎవరు? అది బార్బెక్యూ కాకపోతే మరేమిటి? అమెరికాలో ఉన్న మన పిల్లలు పార్కులలో వనభోజనాలు పెట్టుకుని, అక్కడి ఇనుప పొయ్యిల మీద మొదట కాల్చేది ఈ కంకులే.

నిప్పు ఇల్లు విడిచిన వైనం

మరి ఇంత పాత వంట మన ఇండ్లలో నుండి ఎందుకు పోయింది? రుచి మారి పోలేదు. పొయ్యి మారి పోయింది.

పట్నంలో కాపురాలు పెట్టిన చిన్న ఉద్యోగులు మొదట కట్టెల పొయ్యి విడిచి, బొగ్గుల కుంపటికి, రంపపు పొట్టు పొయ్యికి వచ్చారు. తరువాత కిరోసిన్ స్టవ్వులు వచ్చాయి. ఆ తరువాత గ్యాసు. గ్యాసు కనెక్షను కోసం పేరు వ్రాయించుకుని సంవత్సరాల తరబడి ఎదురుచూసిన రోజులు మనలో ఎవరూ మరువలేదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక పల్లెలలోని పేద ఇండ్లకు కూడా సిలిండర్లు చేరాయి. దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. ఊదుగొట్టం పట్టుకుని పొగలో కళ్ళు మండించుకున్న మన అమ్మలు, అక్కలు ఆ కష్టం నుండి బయటపడ్డారు. పాత రోజులు తిరిగి రావాలని కోరుకునే మగవారు ముందుగా ఒక వారం పాటు కట్టెల పొయ్యి ఊది చూడడం మంచిది.

కాని గ్యాసుకు మంట ఉంది గాని నిప్పు లేదు. మీట తిప్పగానే ఆరిపోతుంది, వెనుక ఏమీ మిగలదు. నివురు లేదు, కుమ్ము లేదు. కుమ్ములో వండేవన్నీ ఆ పొయ్యితోనే పోయాయి. వాటితో పాటు మాటలూ పోతున్నాయి. నివురు అంటే ఏమిటని ఇంటి పిల్లలను అడిగి చూడండి.

రెండవ కారణం నేల. మా నాదర్‌గుల్ 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడిననాడు పూర్తిగా పల్లెటూరు. 2016లో బాలాపూర్ మండలంలోకి, 2019లో బడంగ్‌పేట కార్పొరేషనులోకి వచ్చింది. 2018లో ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు వచ్చింది. చుట్టూ ఉన్న చేలు వెంచర్లయ్యాయి. హద్దురాళ్ళు, నంబర్లు ఉన్న ప్లాట్లలో మంచె లేదు, కావలి లేదు, కావలి మంట అసలే లేదు. ఆ చేలను అమ్ముకున్నవారికి, ప్లాట్లు కొనుక్కున్నవారికి, నాబోటి పింఛనుదారులకు కూడా దీనివల్ల గూడు దొరికింది. నష్టమంతా ఒకరిది, లాభమంతా ఒకరిది అని చెప్పడానికి వీలు లేదు. జరిగినదేమిటో వ్రాసి ఉంచడం మాత్రం అవసరం.

ఈ రెండు మార్పులనూ చూసిన చివరి తరం మనది. కుమ్ము ఎంత వేడిగా ఉందో చెయ్యి పైన పెట్టి చెప్పగలవారు, గడ్డ లోపల ఉడికిందో లేదో వాసన బట్టి చెప్పగలవారు ఇప్పుడు డెబ్బై దాటిన వారే. ఇది ఏ రికార్డులోనూ ఎక్కలేదు.

కాల్చే పద్ధతి, కొన్ని జాగ్రత్తలు

కొత్త పొయ్యి కొనవలసిన పని లేదు. సిమెంటు మోసే పాత ఇనుప తట్ట ఒకటి, దానిని ఎత్తుగా నిలపడానికి మూడు ఇటుకలు, పైన ఒక ఇనుప జాలీ చాలు. బొగ్గు ఎక్కడ దొరుకుతుందో మీ వీధి ఇస్త్రీ బండి అతనిని అడిగితే చెబుతాడు. కిరోసిన్ పోసి రాజేయవద్దు, వాసన గడ్డకు పడుతుంది. కొబ్బరి పీచు, ఎండు పుల్లలు మేలు.

అన్నింటికంటె ముఖ్యం ఓపిక. మంట ఉండగా గడ్డ వేస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. మంట పూర్తిగా పోయి, నిప్పుల మీద నివురు తెల్లబడిన తరువాతనే వేయాలి. గడ్డలో సుమారు అయిదింట నాలుగు వంతులు నీరే. తోలు లోపల ఆ నీరు ఆవిరై, పిండి పదార్థాన్ని ఉడికిస్తుంది. పిడికిలి అంత గడ్డకు ముప్పావు గంట నుండి గంట పడుతుంది. మధ్యలో రెండు మూడుసార్లు తిప్పాలి. జాలీ మీద పెట్టేముందు పుల్లతో నాలుగైదు చోట్ల గుచ్చితే పగలకుండా ఉంటుంది. సన్నని పుల్ల అడ్డం లేకుండా లోపలికి దిగితే ఉడికినట్లు లెక్క.

అల్యూమినియం కాగితం చుడితే బూడిద అంటదు, నిజమే. కాని ఆవిరి బయటికి పోక తోలు మెత్తబడి, కాల్చిన రుచి రాదు, ఉడికించిన రుచి వస్తుంది. చుట్టి కాల్చిన గడ్డను ఆ కాగితంలోనే రాత్రంతా బయట ఉంచి మరునాడు తినడం ప్రమాదం. 1994లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఎల్ పాసో పట్టణంలో ఒక హోటలులో ఇలా నిలవ ఉంచిన గడ్డలతో చేసిన పదార్థం తిని 30 మంది బొటులిజం అనే తీవ్రమైన విషప్రభావానికి లోనయ్యారు. వేడిగా తినండి, మిగిలితే కాగితం విప్పి ఫ్రిజ్‌లో పెట్టండి.

కందగడ్డను ఇంకా నిదానంగా కాల్చాలి. అది మెల్లగా వేడెక్కే సమయంలోనే అందులోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. కుమ్ములో మరిచిపోయిన గడ్డ తియ్యగా ఉండడానికి కారణం అదే. షుగరు ఉన్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. కాల్చిన కందగడ్డ ఉడికించిన దానికంటె త్వరగా షుగరు పెంచుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం సంగతి ఉంటుంది గనుక డాక్టరును అడిగి తినాలి. బి.పి. ఉన్నవారు ఉప్పు తగ్గించి నిమ్మరసం, మిరియాల పొడి, కొత్తిమీర వేసుకోవచ్చు. పచ్చబారిన గడ్డలను, బాగా మొలకలెత్తిన గడ్డలను పారవేయండి. వాటిలోని విషపదార్థం కాల్చినా పోదు. మాడి నల్లబడిన భాగాన్ని తీసివేయండి. పిండి పదార్థాలు బాగా మాడినప్పుడు అక్రిలమైడ్ అనే హానికరమైన పదార్థం తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు.

చివరగా ఒక హెచ్చరిక. బొగ్గుల పొయ్యిని మూసిన గదిలోగాని, తలుపులు వేసిన బాల్కనీలోగాని పెట్టవద్దు. కనిపించని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరు బయట మాత్రమే పెట్టాలి. దగ్గర ఒక బకెట్టు నీళ్ళు ఉంచుకోవాలి.

సంఘానికి ఒక ప్రతిపాదన

పై విషయాలను బట్టి లెక్క ఇలా తేలుతున్నది. గడ్డ రెండు రకాలూ సముద్రం దాటి వచ్చినవి. పేర్లు మనవి. నిప్పు మనది, దానిలో గడ్డను పూడ్చడం మనది. కందగడ్డను శివరాత్రికి చేర్చుకున్న మనము ఇనుప జాలీ పొయ్యిని చూసి వెనుకాడవలసిన పని లేదు. గ్యాసు తీసుకుపోయిన నిప్పును ఆ జాలీ పొయ్యి సెలవు రోజున ఇంటికి తిరిగి తెస్తున్నది. దాని ముందు కూర్చుని పిల్లలకు నేర్పవలసినవారము మనమే.

అందుచేత కార్యవర్గం వారి పరిశీలనకు ఈ క్రింది ప్రతిపాదన సమర్పిస్తున్నాను. వచ్చే కార్తీక మాసంలో సంఘం జరిపే వనభోజనానికి సభ్యులు మనవలు, మనవరాండ్రతో రావాలి. భోజనాల సంగతి వంటవారు చూసుకుంటారు. ఒక పక్కన మాత్రం కుమ్ము ఒకటి ఏర్పాటు చేసి, ఆలుగడ్డలు, కందగడ్డలు సభ్యులే స్వయంగా కాల్చాలి. డెబ్బై ఏండ్లు దాటిన ప్రతి సభ్యుడు, ముఖ్యంగా మన సోదరీమణులు, తమ ఊరిలో నిప్పులలో ఏమేమి కాల్చేవారో, వాటిని ఏమని పిలిచేవారో పిల్లలకు చెప్పాలి. పిల్లలలో చేతివ్రాత బాగున్న ఒకరు వాటిని నోటుబుక్కులో వ్రాసుకోవాలి. ఆ పుస్తకాన్ని సంఘం ఆఫీసు బీరువాలో భద్రపరచాలి.

దీనికి అయ్యే ఖర్చు స్వల్పం. బొగ్గుల బస్తా ఒకటి, గడ్డలు పది కిలోలు. తట్ట, ఇటుకలు మా ఇంటి నుండి నేను తెస్తాను.



– ఒక విశ్రాంత గుమాస్తా, నాదర్‌గుల్